పై గిన్నె

నేను బీఏ చదివిన కాలేజీ విజయవాడకీ గన్నవరానికీ మధ్య, రోడ్డు పక్కనే ఉండేది. ఆడపిల్లల కాలేజీ, మిషన్ వాళ్ళది, చిన్నది. అందులో చదవాలంటే అందులోనే ఉండాలి. డెబ్భైల్లో మా వైపు ఆడపిల్లని పైచదువుకి పంపే తండ్రులు ఊళ్ళో చెప్పుకోవడానికి ఆ ఒక్క సంగతీ చాలు. రోజూ బస్సెక్కి దిగే పని లేదు, గోడ ఎత్తుగా ఉంది, గేటు దగ్గర మనిషున్నాడు, లోపల వార్డెనమ్మగారున్నారు. చదువెలా చెబుతారని మా నాన్న ఎవర్నీ అడిగినట్టు నాకు గుర్తు లేదు. గోడ మాత్రం చుట్టూ తిరిగి చూసుకున్నారు.

అక్కడి సదుపాయాలు ఇప్పటి పిల్లలకి చెబితే జాలిపడతారు. పెంకుల కప్పుతో పొడుగాటి హాలు, అందులో రెండు వరసల ఇనప మంచాలు. ఎవరి సామానైనా వాళ్ళ మంచం కింద ట్రంకుపెట్టెలో పట్టాలి. పట్టకపోతే సామాను ఇంటికి పోవాలి. స్నానాల గదుల తలుపులు కొన్ని వానకి ఉబ్బి మూసుకునేవి కావు, మరికొన్ని తెరుచుకునేవి కావు. బోరు నీళ్ళు ఉప్పగా ఉండేవి, ఎంత రుద్దినా సబ్బు నురగ వచ్చేది కాదు. తాగడానికి ఏలూరు కాలవ నీళ్ళు తెచ్చి, పటిక తిప్పి, తేరుకున్నాక కుండల్లో పోసేవారు. లైబ్రరీలో అద్దాల బీరువాలుండేవి, వాటి తాళాలు లైబ్రేరియన్ గారి నడుముకి ఉండేవి. పుస్తకం దొరకాలంటే ముందు ఆవిడ దొరకాలి. జబ్బు చేస్తే పడుకోవడానికి ఓ గది ఉండేది. అక్కడ ఏ రోగానికైనా జావే మందు. సాయంత్రం రింగు ఆట, ఆ తర్వాత రేడియో, అదీ వార్డెనమ్మగారికి తలనొప్పి లేకపోతే. నెలకోసారి మమ్మల్ని వరసకట్టించి వన్ టౌన్‌కి తీసుకెళ్ళి, జడపిన్నులూ సబ్బులూ కొనుక్కోనిచ్చి, అదే వరసలో వెనక్కి తెచ్చేవారు. గన్నవరం వైపు విమానం దిగుతున్న చప్పుడైతే క్లాసులో పాఠం ఆగేది. చెప్పే ఆవిడ కూడా కిటికీలోంచి చూసేవారు.

ఇవేవీ నాకు లోటుగా తోచలేదు. ఇంట్లో నాకంటూ మంచమే లేదు. అక్కడ ఒకటి దొరికింది, దాని కింద నా తాళం వేసుకునే పెట్టె కూడా ఉంది.

అసలు కాలేజీ అంతా భోజనాల హాల్లోనే ఉండేది. చేరిన రోజునే వార్డెనమ్మగారు మమ్మల్ని బల్లలకి పంచేసేవారు. ఒక్కో బల్లని కుటుంబం అనేవారు. ఫైనలియరు అమ్మాయి ఆ కుటుంబానికి అక్క. ఏ ఊరు, ఏ క్లాసు, ఎవరి పిల్ల అన్నది చూసేవారు కాదు. ఒకవేళ చూసినా కలగలపడానికే చూసేవారనుకుంటాను. ప్రార్థన అయ్యాక అక్క గరిటె తీసుకునేది. అందరి కంచాల్లో పడ్డాక అందరూ ఒకేసారి మొదలుపెట్టాలి, ఆఖరి మనిషి తినేదాకా ఎవరూ లేవకూడదు. ఇంటి దగ్గర్నుంచి ఎవరికి ఏం వచ్చినా బల్ల మీదికి రావాలి. కంచాలూ గిన్నెలూ కడిగే పని వారానికొకరిది. ఈ పద్ధతి గురించి నాన్నకి ముందుగా ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే గోడ ఎంత ఎత్తున్నా నేను అక్కడ చేరేదాన్ని కాదు.

ఎందుకంటే మా నాయనమ్మ నన్ను ఒక్క షరతు మీద పంపింది. తాతయ్య పోయాక ఇంటి పెత్తనం ఆవిడదే. మా నాన్న ఊళ్ళో పదిమందికి సలహా చెప్పే మనిషే గాని, ఇంట్లో ఆవిడ తలూపనిదే దూడనైనా కొనేవారు కాదు. నన్ను కాలేజీలో చేర్పిస్తానని నాన్న అన్నప్పుడు ఆవిడ చాలాసేపు దంచిన వక్క నములుతూ కూర్చుని, చదువుకోనీ, అక్కడి తిండి మాత్రం ముట్టకూడదు అంది. వండేది ఎవరో, పక్కన కూర్చునేది ఎవరో మనకి తెలియదంది. ముట్టిందని తెలిసిన రోజున పెట్టె సర్దుకుని వచ్చెయ్యాలంది. వచ్చేస్తే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. సంబంధాలు అప్పటికే ఒకటీ అరా వచ్చి గుమ్మం దగ్గర ఆగి ఉన్నాయి.

అందుకని నాకు క్యారేజీ వచ్చేది. మా ఊళ్ళో పొద్దున్నే బయల్దేరే ఎర్రబస్సు విజయవాడ వెళుతూ కాలేజీ ముందునుంచే పోయేది. బెజవాడలో గదులు తీసుకుని చదివే మగపిల్లల క్యారేజీలు ఎలాగూ ఆ బస్సులో వెళ్ళేవి, వాటితోపాటే నాదీ. కండక్టరు గేటు దగ్గర బస్సు ఆపించి వాచ్‌మన్‌కి అందించేవాడు. సాయంత్రం తిరుగు బస్సుకి ఖాళీ క్యారేజీ ఎక్కేది. నాలుగు గిన్నెలు: అడుగు రెండింటిలో అన్నం, మూడోదాంట్లో పప్పూ కూరా, పై గిన్నెలో పెరుగు. రాత్రికి కొంత తీసిపెట్టుకుని రెండు పూటలకీ అదే సరిపెట్టుకోవాలని నాయనమ్మ లెక్క. ఇత్తడి గిన్నెలు, లోపల కళాయి, అన్నిటి మీదా మా ఇంటి పేరు చెక్కి ఉండేది.

నాన్న వచ్చి అడిగితే వార్డెనమ్మగారు క్యారేజీకి ఒప్పుకున్నారు. నవ్వుతూనే ఒప్పుకున్నారు. ఆ నవ్వెందుకో మొదటి రోజు మధ్యాహ్నమే నాకు తెలిసింది. క్యారేజీ బల్ల మీదికి వచ్చింది. అక్క ప్రార్థన ముగించి, మూతలు తీసి, అందరి కంచాల్లో తలా గరిటెడు వేసింది. మా ఇంటి అన్నం ఆ గరిటెలతోనే అయిపోయింది. నా కంచంలో మిగతా చోటంతా హాస్టలు సాంబారు. నేను ముట్టకపోతే బల్లంతా నాకోసం కూర్చునే ఉండాలి. మొదటి ముద్ద పెట్టుకునేటప్పుడు భయం వేసింది. రెండో ముద్దకి ఉప్పు తగ్గిందనిపించింది. ఆ రోజు నుంచి నేను ఆ బల్ల మనిషినే.

నా పక్క మంచం అమ్మాయి కూడా మా బల్లలోనే పడింది. వాళ్ళది క్రైస్తవ కుటుంబం. నాన్నగారు మిషన్ బళ్ళలో మాస్టారు. బదిలీలు కాబట్టి ఆ పిల్ల గుడివాడ, బందరు, ఇంకా ఎక్కడెక్కడో బడి క్వార్టర్లలో పెరిగింది. వాళ్ళమ్మగారు పుట్టింది మాత్రం మా ఊరి లాంటి ఊళ్ళోనే, ఊరి చివర పేటలో. బడి ఆవరణల్లో పెరిగిన పిల్లకి పేటకీ ఊరికీ మధ్యనున్న దూరం ఏదో సెలవులకి వెళ్ళినప్పుడు చూసిందే. పెద్దగా నవ్వేది, రింగు ఆటలో ఎవర్నీ గెలవనిచ్చేది కాదు, ఇంగ్లీషు నాకంటే బాగా వచ్చు. మా నాయనమ్మ తోడుపెట్టిన పెరుగంటే ఆమెకి ప్రాణం. క్యారేజీ మూత తియ్యగానే, నాయనమ్మగారి ఆరోగ్యం ఎలా ఉందని అడిగేది. నేను కూడా రోజూ అడిగేదాన్ని కాదు.

మొదటి ఏడాది అలా గడిచిపోయింది. సెలవుల్లో ఇంటికెళితే నాయనమ్మ నా మొహం చూసి చిక్కిపోయానని బాధపడేది, అక్కడి తిండి ముట్టుకోకపోవడం వల్లే అనుకునేది. రెండో ఏడు డిసెంబరులో ఓ ఆదివారం మా పక్క మంచం అమ్మాయిని చూడ్డానికి వాళ్ళమ్మగారు వచ్చారు, పండగ పిండివంటల డబ్బాతో. క్రిస్మస్ ఇంకా దూరమే గాని, వాళ్ళింట్లో నెల మొదలవగానే మూకుడు పొయ్యెక్కుతుందట. డబ్బా బల్ల మీదికి వచ్చింది. గులాబీ పువ్వులు. పిండిలో అచ్చు ముంచి నూనెలో వదిలితే పువ్వులా విడివడేవి. మా ఇంట్లో అరిసెలూ జంతికలూ చేసేవారు గాని ఆ అచ్చు ఉండేది కాదు. నేను అవి తినడం అదే మొదలు.

ఆ వారం గిన్నెలు కడిగే వంతు ఆమెది. మర్నాడు సాయంత్రం నేను లైబ్రరీలో ఉన్నాను. తిరిగొచ్చేసరికి బస్సు వెళ్ళిపోయింది. ఆమె మంచం మీద కూర్చుని జడ వేసుకుంటూ, పై గిన్నెలో గులాబీ పువ్వులు పెట్టి పంపానని మామూలుగా చెప్పింది. ఏడాదిన్నర నుంచి ఆవిడ పెరుగు తింటున్నాం, పండగ నెలలో కూడా ఖాళీ గిన్నె పంపితే మా అమ్మ నన్ను తిడుతుంది అంది.

ఆ మాట తప్పని ఎలా అంటాను? మా వైపు ఎవరింట్లోనైనా అదే పద్ధతి. పక్కింటి వాళ్ళు గిన్నెలో ఏదైనా పంపితే ఆ గిన్నె ఖాళీగా తిరిగి వెళ్ళదు. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా పోసి పంపుతారు. మా నాయనమ్మ ఈ విషయంలో మరీ పట్టుదల మనిషి. కానీ ఆ పద్ధతికి ఇంకో సగం ఉంది, అది నోటితో ఎవరూ చెప్పరు. ప్రతి క్రిస్మస్‌కీ పేట వాళ్ళు మా ఇంటికి అరటిపళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టేవారు. పళ్ళే తెచ్చేవారు. వండినది తెచ్చేవారు కాదు. తేకూడదని వాళ్ళకి తెలుసు, తేరని మాకూ తెలుసు. ఊళ్ళో పెరిగిన పిల్లయితే మా గిన్నెలో వండిన వస్తువు పెట్టి పంపేది కాదు. ఈమె బడి ఆవరణలో పెరిగి, మా బల్ల దగ్గర కూర్చుని, మర్యాద మొదటి సగమే నేర్చుకుంది. ఆ బస్సు మా ఊరు చేరేసరికి ఎంతవుతుందో లెక్క వేసుకున్నాను. ఆమెతో మాత్రం, మంచి పని చేశావు అన్నాను.

ఆ తర్వాత ఇంట్లో జరిగింది అమ్మ నాకు సెలవుల్లో చెప్పింది. క్యారేజీ మూత తీసి నాయనమ్మ మురిసిపోయిందట. నేను వన్ టౌన్ వెళ్ళినప్పుడు కొట్లో కొని తనకోసం పంపాననుకుంది. పళ్ళు లేని నోటికి కూడా కరిగిపోతున్నాయని కూర్చుని రెండు తింది. మనవరాలు పంపిందని పక్కింటి ఆవిడకి చూపించింది కూడా. మర్నాడు తెల్లవారుతూనే, క్యారేజీ ఇంకా కట్టకముందే, బియ్యం చెరగడానికి పేట నుంచి ఓ ముసలామె వచ్చింది, ఎన్నో ఏళ్ళుగా మా ఇంట్లో చేసే మనిషే. నాయనమ్మ ముందున్న గిన్నెలోకి చూసి ఆమె సంతోషపడింది.

"పెద్దమ్మగారింటికి మా పండగ పిండివంటలు వచ్చేసినయ్యే. మా ఇళ్ళల్లో ఇంకా మూకుడే పెట్టలేదండీ" అందట.

 నాయనమ్మ ఆమె వెళ్ళేదాకా ఆగి, మిగిలిన పువ్వుల్ని గేదెల కుడితిలో వేయించి, తలస్నానం చేసి, ఆ పూట అన్నం మానేసింది. పై గిన్నెని ఎవరూ ముట్టుకోవద్దని, పాలేరు చేత పశువుల పాకలో పెట్టించింది. నాన్నని పిలిచి, వెళ్ళి కనుక్కు రమ్మంది.

మంగళవారం క్యారేజీ రాలేదు, బుధవారం దానికి బదులు నాన్నే వచ్చారు. విజిటర్స్ రూంలో గోడకి చేర్చిన రెండు బెంచీలు, నడుమ ఓ బల్ల, దాని మీద ఎప్పుడూ మారని కాగితం పూలు ఉండేవి. వచ్చిన వాళ్ళకి మంచినీళ్ళివ్వడం పక్క మంచం వాళ్ళ వంతు, అది కూడా అక్కడి పద్ధతే. కాబట్టి నాన్న నన్నింకా ఏమీ అడగకముందే ఆమె గ్లాసుతో వచ్చి నిలబడింది. నాన్న గ్లాసు అందుకుని, ఆ పిండివంటలు ఎక్కడివని నన్ను అడిగారు. నేను నోరు తెరిచేలోపు ఆమే చెప్పింది.

"మా అమ్మ చేసిందండీ. నేనే పెట్టానండీ. రోజూ అందరం నాయనమ్మగారి పెరుగు తింటున్నాం కదండీ, ఖాళీ గిన్నె ఎట్లా పంపుతాం?"

అందరం అన్న ఒక్క మాటతో బల్ల సంగతంతా బయటపడింది. నాన్న నావైపు చూశారు. తర్వాత చేతిలో గ్లాసు వైపు చూశారు. ఆ నీళ్ళు తాగేశారు. మంచిదమ్మా అని గ్లాసు తిరిగి ఇచ్చారు. ఆయన ఆ నీళ్ళు తాగినందుకు నాకు ఇప్పటికీ ఆయనంటే గౌరవం. ఆ తర్వాత చెప్పిన మాటకి మాత్రం కోపం.

"శనివారం వస్తాను. పెట్టె సర్దుకుని ఉండు. మీ నాయనమ్మ మాట" అన్నారు.

మీరేమన్నారని అడిగాను. నేనేమంటాను అన్నారు. ఫైనల్ పరీక్షలకి ఇంకా ఏడాది పైనే ఉందని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. నిజం చెప్పాలంటే ఆ రోజు దాకా నాకు చదువంటే అంత పిచ్చేమీ లేదు. హిస్టరీ నోట్సు చూస్తే నిద్రొచ్చేది. అది పోతుందనేసరికి ఆ నోట్సూ, ఇనప మంచమూ, మూసుకోని తలుపుల స్నానాల గదీ, అన్నీ నావేననిపించి ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. పక్క మంచం అమ్మాయి అడిగితే ఇంట్లో ఒంట్లో బాగాలేదని చెప్పాను. ఎవరికని అడిగింది. నాయనమ్మకి అన్నాను. ఆ సాయంత్రం ప్రార్థనలో ఆమె మా నాయనమ్మ ఆరోగ్యం కోసం బల్లంతటి చేతా ప్రార్థన చేయించింది.

గురువారం కూడా క్యారేజీ రాలేదు. శుక్రవారం రాలేదు. నేను పెట్టె సర్దాను. సర్దడానికి ఎంతోసేపు పట్టలేదు, సర్దాక దాని మీదే కూర్చున్నాను. శనివారం నాన్న రాలేదు. ఆదివారం అందరి వాళ్ళూ వచ్చి వెళ్ళారు, నాకోసం ఎవరూ రాలేదు. సోమవారం మధ్యాహ్నం వాచ్‌మన్ క్యారేజీ తెచ్చి ఇచ్చాడు. చేతికి తేలిగ్గా తగిలింది. మూడు గిన్నెలే ఉన్నాయి. అన్నం, పప్పు, కూర ఉన్నాయి. పెరుగు లేదు, పై గిన్నె లేదు. ఒక్క ముక్క కబురూ లేదు. నేను పెట్టె విప్పి చీరలు మళ్ళీ తీసుకున్నాను.

ఇంట్లో ఏం జరిగిందో అదీ అమ్మే చెప్పింది. నాలుగు రోజులు క్యారేజీ ఎక్కకపోయేసరికి కండక్టరు, అమ్మాయిగారు వచ్చేశారా అని బస్సులోంచే అడిగాడట. పక్కింటి ఆవిడ కూడా అడిగింది. శుక్రవారం సాయంత్రం నాయనమ్మ అరుగు మీద కూర్చుని అమ్మ వినేలా తనలో తనే తర్కించుకుంది. పిల్లని తీసుకొస్తే ఎందుకు తెచ్చారంటారు. అక్కడ అందరితో కలిసి తిందని చెప్పాలి. మీకెలా తెలిసిందంటారు. అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. పక్కింటి ఆవిడకి తను గిన్నె చూపించిన సంగతి గుర్తొచ్చి ఉంటుంది. బియ్యం చెరిగే మనిషి కళ్ళారా చూసిన సంగతి కూడా. కాసేపటికి లేచి, సోమవారం నుంచి క్యారేజీ పంపండి, ఊరికి కనపడాలి అంది. వార్డెనమ్మగారి మాట సాయం లేదు, నాన్న ధైర్యమూ లేదు. నా చదువుని నిలబెట్టింది మా నాయనమ్మ తిన్న ఆ రెండు గులాబీ పువ్వులు.

క్రిస్మస్ సెలవులకి ఇంటికి వెళ్ళాను. నాయనమ్మ ఆ ఊసే ఎత్తలేదు. గుమ్మంలోనే ఆపి స్నానం చేసి రమ్మంది. భోజనానికి పిలిచి, వంటింట్లో కాకుండా వెనక పంచలో నాకు విడిగా ఆకు వేసింది. తనే వడ్డించింది. పెరుగు దగ్గరికి వచ్చేసరికి, అదిగో, నీ గిన్నె తెచ్చుకో అని పశువుల పాక వైపు చూపించింది. దూలం సందులో పెట్టిన పై గిన్నె కనపడింది. చెక్కిన అక్షరాల్లో దుమ్ము పేరుకుంది. కడుక్కుని తెచ్చుకున్నాను. నాయనమ్మ చెయ్యి పైకెత్తి, గరిటె గిన్నెకి తగలకుండా పెరుగు వేసింది. ఇంకో గరిటె కూడా వేసింది.

"తిను. అక్కడ పెరుగుండదుగా" అంది.

 ఏడవలేదు. ఏడిస్తే ఎందుకని అమ్మ అడుగుతుంది, చెప్పాలి. చెప్పాల్సి వస్తుందని ఊరుకోవడం మా ఇంట్లో అందరికీ అలవాటైపోయిన పని, నాక్కూడా ఆ సెలవుల్లోనే అలవాటయింది. తిన్నాక ఆ గిన్నె నేనే కడిగి, నేనే పాకలో పెట్టేదాన్ని. ఉన్నన్నాళ్ళూ అంతే. ఓ మధ్యాహ్నం మాత్రం ఉండబట్టలేక, గులాబీ పువ్వులు ఎలా ఉన్నాయి నాయనమ్మా అని అడిగాను. ఆవిడ వత్తులు చేసుకుంటోంది. తల ఎత్తలేదు. చేతిలో వత్తి పూర్తి చేసి, పంచదార కాస్త తగ్గింది అంది.

బయల్దేరే రోజు నాన్న నా పెట్టె పట్టుకుని వాకిట్లో నిలబడ్డారు. నాయనమ్మ పెరట్లోంచి వచ్చింది. చేతిలో పై గిన్నె. చింతపండుతో తోమించినట్టుంది, తళతళలాడుతోంది. మూత మీద గుడ్డ కట్టి ఉంది. అందులో సున్నుండలు, అంచుదాకా పేర్చినవి, ఆవిడ చేత్తో చేసినవి.

"ఆ పిల్ల మనకి గిన్నె ఖాళీగా పంపలేదు. మనమూ పంపకూడదు" అంది. నా చేతికి ఇచ్చి, చెయ్యి చీర కొంగుకి తుడుచుకుంటూ, "ఆ గిన్నె మాత్రం మళ్ళీ మనింటికి తేవద్దు. దానికే ఇచ్చెయ్" అంది.

నాన్న బస్సు వస్తోందేమోనని రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డారు. బస్సుకి ఇంకా చాలా టైముంది.

హాస్టల్లో గిన్నె బల్ల మీదికి వచ్చింది. సున్నుండలు ఒక్క పూటలో అయిపోయాయి. పక్క మంచం అమ్మాయి తన వాటాలో ఒకటి వాళ్ళమ్మ కోసం దాచింది. తర్వాత గిన్నె కడిగి, తుడిచి, తన మంచం మీద పెట్టుకుని నన్ను పిలిచింది. అమ్మ వచ్చే ఆదివారం వస్తోంది, ఈసారి ఇందులో ఏం పెట్టి పంపమంటావు అని అడిగింది. ఇంక దాచడం నా వల్ల కాలేదు.

"గిన్నె నిన్నే ఉంచుకోమంది" అన్నాను.

ఆమె గిన్నెని తిప్పి, మా ఇంటి పేరు మీద వేలు పెట్టి చూసింది. ఇంటి పేరు చెక్కించుకున్న గిన్నె ఎవరైనా ఇచ్చేస్తారా అంది.  ఆమె ఎంత బడి ఆవరణలో పెరిగినా వాళ్ళమ్మ పేటలో పుట్టిన మనిషి. నా మొహం చూసి ఆమెకి అర్థమైంది. కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. గిన్నెకి మళ్ళీ గుడ్డ చుట్టి, ట్రంకుపెట్టెలో బట్టల అడుగున పెట్టి తాళం వేసింది.

"అమ్మతో అనకు. సున్నుండలు పంపారని నేను చెప్తాలే" అంది.

ఆదివారం వాళ్ళమ్మగారు వచ్చారు. చేతిలో మళ్ళీ డబ్బా. నేను కాగితం పూల బల్ల మీద నీళ్ళ గ్లాసు పెట్టాను. ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నాయనమ్మగారికి నచ్చినయ్యా అమ్మా అని అడిగారు. రెండు తిన్నారండీ, పంచదార కాస్త తగ్గిందన్నారండీ అన్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆవిడ మొహం విప్పారింది. నిజమేనమ్మా, ఈసారి సరిగ్గా వేశాను, పెద్దావిడకి మళ్ళీ పంపుదామని చేసుకొచ్చాను అంటూ కూతురి వైపు తిరిగి, వాళ్ళ గిన్నె పట్రా అన్నారు.

ఆమె కదల్లేదు. గిన్నె పోయిందమ్మా అంది.

ఎక్కడ పోయిందన్నారు వాళ్ళమ్మగారు. పంపు దగ్గర కడుగుతుంటే మర్చిపోయాను, మళ్ళీ వెళ్ళి చూస్తే లేదు అంది. ఆవిడకి సిగ్గూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఒకళ్ళింటి గిన్నె, పేరు చెక్కించుకున్న గిన్నె, అంత పెద్ద మనిషి నమ్మి పంపితే పారేసుకుంటావా, ఇన్నేళ్ళు పెంచి నీకు నేర్పిందిదేనా అని నా ముందే తిట్టారు. నా రెండు చేతులూ పట్టుకుని, మీ నాయనమ్మగారిని ఏమీ అనుకోవద్దని చెప్పమ్మా, అలాంటిదే కొని పంపుతానని చెప్పు అన్నారు. అలాగేనండీ అన్నాను. పక్క మంచం అమ్మాయి తల వంచుకుని, ఎదురు చెప్పకుండా, తిట్లన్నీ అయ్యేదాకా నిలబడింది. ఆమె పెట్టె తాళంచెవి ఆమె మెళ్ళో నల్లదారానికి వేలాడుతూనే ఉంది.